ఎంజీబీ ముందు సస్పెన్షన్ తిరిగి బిగించాక వచ్చే ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు గురించే ఈ పేజీ. దాని ముందు సస్పెన్షన్ వంశం ఇంకా పాతది. 1930ల చివర్లో ఇంజనీర్లు అలెక్ ఇసిగోనిస్, జాక్ డేనియల్స్ గీసిన డిజైను 1947లో ఎంజీ వై టైప్‌తో రోడ్డెక్కి, టీడీ, ఎంజీఏ మోడళ్ల మీదుగా దీనికి చేరింది. కింద రెండు ఆర్మ్‌లు, వాటి మధ్య కాయిల్ స్ప్రింగు, పైన ఆర్మ్ పనిని కూడా తానే చేసే లీవర్ షాక్ అబ్జార్బర్, మధ్యలో కింగ్‌పిన్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ నిలువు కడ్డీ. విప్పడం తేలిక. బిగించాకే ఫిర్యాదులు మొదలవుతాయి.

ఆ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే పొరపాటు నుంచి పుడతాయి. ఇందులో రెండు రకాల కీళ్లున్నాయి. లోహం మీద లోహం తిరిగేచోట కొలిచి పెట్టిన ఖాళీ ఉండాలి. రబ్బరు మెలిపడేచోట బండి తన బరువు మీద నిలబడి ఉండగా బిగించాలి. అన్నిటినీ ఒకే తీరుగా, బండి స్టాండ్ల మీద ఉండగానే గట్టిగా లాగేస్తే రెండూ చెడతాయి.

ఖాళీల కొలతలు అంగుళాల్లోనే ఇచ్చాం, ఎందుకంటే ఈ బండి గీసింది ఆ లెక్కలోనే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లేత్ షాపులో అందరూ అనే మాటే.

కింగ్‌పిన్‌లు, బుష్‌లు కొత్తవి వేశాం. స్టీరింగ్ బరువెక్కింది, మలుపు తిరిగాక చక్రం దానంతటది తిన్నగా రావడం లేదు. ఎక్కడ చూడాలి?

ఎంజీబీ క్యాస్టర్ కోణం, అంటే కింగ్‌పిన్ పై కొస వెనక్కి వాలిన కోణం, 7 డిగ్రీలు. ఇంత క్యాస్టర్ ఉన్న బండిలో స్టీరింగ్ వదిలితే దానంతటదే తిన్నగా రావాలి. రాలేదంటే ఎక్కడో రాపిడి దాన్ని పట్టి ఆపుతోంది.

ముందు ఆ చోటు తేల్చండి. బండి ముందు భాగం స్టాండ్ల మీద పెట్టి, రెండు వైపులా ట్రాక్ రాడ్ చివరలు స్టీరింగ్ ఆర్మ్ నుంచి విప్పండి. ఇప్పుడు స్టీరింగ్ వీల్ తిప్పి చూడండి. అది తేలిగ్గా తిరిగితే స్టీరింగ్ ర్యాకులో (స్టీరింగ్ తిప్పుడును ట్రాక్ రాడ్‌లకు చేర్చే పళ్ల కడ్డీలో) తప్పు లేదు. తర్వాత ఒక్కో హబ్‌ను చేత్తో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. ఒంటి చేత్తో, ఒకే బరువుతో, మధ్యలో ఎక్కడా పట్టకుండా తిరగాలి. రెండు చేతులు పెట్టి తోయాల్సి వస్తే తప్పు ఆ వైపు కింగ్‌పిన్‌లోనే ఉంది.

కారణాలు మూడు. ఒకటి, బుష్‌లు నొక్కి ఎక్కించాక రీమర్ చేయలేదు (రంధ్రాన్ని సరైన కొలతకు కోసే పనిముట్టే రీమర్), లేదా రెండిటినీ విడివిడిగా చేశారు. రెండు, పైన థ్రస్ట్ వాషర్ మందం ఎక్కువైంది. మూడు, గ్రీజు లోపలికి చేరలేదు. మూడోదాన్నే ముందు పరీక్షించండి, పది నిమిషాల పని. చక్రం గాల్లో ఉండగా గ్రీజు గన్ పెట్టండి. బరువు నేల మీద ఉంటే పిన్ ఒక పక్కకు ఒత్తుకుని ఆ వైపుకు గ్రీజు పోదు. గన్ కొడుతూ హబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉంటే బుష్ అంచుల్లోంచి కొత్త గ్రీజు సన్నగా బయటికి రావాలి. ఏ నిపుల్ దగ్గరైనా గన్ మొరాయిస్తే బుష్‌లోని గ్రీజు రంధ్రం స్వివెల్ యాక్సిల్‌లోని (కింగ్‌పిన్ మీద తిరుగుతూ హబ్‌ను మోసే ముక్కలోని) రంధ్రానికి ఎదురుగా లేదన్నమాట. అప్పుడు విప్పి సరిచేయక తప్పదు. గ్రీజు అందని కొత్త పిన్ ఎంతో కాలం ఆగదు.

బుష్‌లకు రీమర్ తప్పనిసరా? కొత్త పిన్ ఎలాగోలా దూరింది కదా.

తప్పనిసరి. నొక్కి ఎక్కించేటప్పుడు బుష్ లోపలికి కొంచెం ముడుచుకుంటుంది. పై బుష్, కింది బుష్ వేర్వేరు వ్యాసాలవి. రెండింటి మధ్య దూరం కూడా ఉంది. అందుకే ఒక బుష్‌ను ఆధారంగా పట్టుకుని రెండోదాన్ని కోసే పైలట్ రీమర్ కావాలి. దొరికిన అడ్జస్టబుల్ రీమర్‌తో ఒక్కోటీ విడిగా చేస్తే ఒక్కో బుష్‌లో పిన్ చక్కగా తిరుగుతుంది, రెంటిలో కలిపి పెట్టేసరికి పట్టేస్తుంది. రెండు కేంద్రాలు ఒకే గీత మీద లేవు మరి.

సరైన బిగువు ఇలా ఉంటుంది: నూనె రాసిన పిన్‌ను పై నుంచి పెట్టి బొటనవేలితో నొక్కితే దిగాలి. పక్కకు ఊపితే టక్ మనకూడదు. సుత్తి అవసరమైతే ఇంకా కోయాలి. తన బరువుకే జారి కింద పడితే ఎక్కువ కోశారు, ఆ బుష్ మార్చాలి.

రీమర్ చేశాక ఇత్తడి రంగు పొడి నూనె గాడిలో ఇరుక్కుని ఉంటుంది. కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి, గ్రీజు రంధ్రంలో సన్న తీగ పెట్టి చూశాకే కూర్చండి.

పైన థ్రస్ట్ వాషర్లు ఏ వరసలో వేయాలి?

ఉక్కు వాషర్, మధ్యలో కంచు వాషర్, మళ్లీ ఉక్కు వాషర్. సర్దుబాటు వాషర్లు కొద్దికొద్ది తేడాతో వేర్వేరు మందాల్లో దొరుకుతాయి. స్వివెల్ యాక్సిల్‌ను పైకి ఎత్తితే ఎంత కదులుతుందో ఈ మందమే తేలుస్తుంది. ఆ కదలిక 2 థౌలు దాటకూడదు. సున్నా కూడా కాకూడదు. మందం పెంచితే ప్లే, అంటే ఆ కదలిక, తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది.

కొలత తీసేముందు పై నట్టు పూర్తిగా బిగించి ఉండాలి. నట్టు సగం బిగించి "తేలిగ్గా తిరుగుతోంది" అనుకుని వదిలేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. చివర్లో నట్టు లాగగానే అంతా పట్టేస్తుంది. నట్టు బిగువు తగ్గించి దాన్ని దాటవేయకండి, వాషర్ మార్చండి.

కింది కార్క్ రింగు, పిన్ చుట్టూ ఉండే రెండు దుమ్ము గొట్టాలు, వాటి మధ్య సన్న స్ప్రింగు కూడా మరవకండి. ఇవి లేకుండా బండి నడుస్తుంది కానీ మొదటి వానకే రోడ్డు బురద పిన్‌కు పడుతుంది.

కింద ఫల్‌క్రమ్ బోల్టు బిగించగానే కింగ్‌పిన్ కింది కన్ను కదలకుండా పట్టేసింది. ఇది మామూలేనా?

కాదు. ఈ కీలు ఎలా పనిచేయాలో తెలిస్తే తప్పు వెంటనే కనబడుతుంది. కింగ్‌పిన్ కింది కన్నును రెండు ఆర్మ్‌లకు పట్టే ఈ ఫల్‌క్రమ్ బోల్టు ఒక ఉక్కు గొట్టం గుండా పోతుంది. నట్టు బిగిస్తే ఆ గొట్టం రెండు ఆర్మ్‌ల మధ్య గట్టిగా ఇరుక్కోవాలి. కింగ్‌పిన్ కన్ను ఆ గొట్టం మీద స్వేచ్ఛగా ఊగాలి. అంటే బోల్టు ఎప్పుడూ తిరగదు, గొట్టమూ తిరగదు, పిన్ మాత్రమే ఊగుతుంది. పక్కవాటుగా 8 నుంచి 13 థౌల ప్లే ఉండాలి.

నట్టుతో పాటు కన్ను కూడా బిగిసిపోయిందంటే గొట్టం పొట్టిగా ఉంది, లేదా థ్రస్ట్ వాషర్లు మందంగా ఉన్నాయి. వేర్వేరు చోట్ల కొన్న కిట్ల భాగాలు కలిపినప్పుడు ఇది ఎక్కువ. బండి మీదకు ఎక్కించకముందే బల్ల మీద బోల్టు, గొట్టం, వాషర్లు, సీళ్ల సపోర్టులు అన్నీ వరసలో కూర్చి, వైస్‌లో పట్టుకుని నట్టు పూర్తిగా బిగించి, ఫీలర్ గేజ్‌తో చూడండి. 8 థౌల రేకు దూరాలి, 13 దాటి దూరకూడదు. ప్లే చాలకపోతే థ్రస్ట్ వాషర్‌ను చదునైన అద్దం మీద ఎమరీ కాగితం పెట్టి ఎనిమిది ఆకారంలో రుద్దుతూ తగ్గించండి. గొట్టాన్ని మాత్రం అరగదీయకండి, అది ఇంకా పొట్టిదై సమస్య పెరుగుతుంది.

ఇలా పట్టేసిన కీలుతో బండి నడిపితే చక్రం పైకి కిందికి కదిలినప్పుడల్లా పిన్ బదులు బోల్టు తిరగడానికి చూస్తుంది. ఆర్మ్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరుగుతాయి. అరిగిన ఆర్మ్‌లు మార్చడమే దారి.

పాత ఫల్‌క్రమ్ బోల్టు ఎంత కొట్టినా రావడం లేదు.

బోల్టు గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయింది. ఎంజీబీలో అందరికీ ఎదురయ్యేదే. నట్టు తీసి బోల్టు తలను స్పానర్‌తో తిప్పి చూడండి. బోల్టు తిరుగుతూ కింగ్‌పిన్ కన్ను కదలకపోతే ఆశ ఉంది, నూనె పోసి ఒక రాత్రి వదలండి. తిరగకపోతే సుత్తితో కొట్టేకొద్దీ బోల్టు చివర పుట్టగొడుగులా పరుచుకుని ఇంకా మొండికేస్తుంది. కన్ను చుట్టూ గ్యాస్ మంటతో వేడి చేసి మళ్లీ ప్రయత్నించవచ్చు. అదీ కుదరకపోతే ఆర్మ్‌కూ కన్నుకూ మధ్య ఉన్న సందులో రంపం పెట్టి రెండు వైపులా కోసేయండి. బోల్టు, గొట్టం, వాషర్లు అన్నీ కిట్‌లో కొత్తవే వస్తాయి, దక్కించుకోవాల్సింది ఆర్మ్‌లనే.

కొత్త బోల్టుకు కాపర్ గ్రీజు పూసి పెట్టండి. తర్వాత విప్పేవాళ్లు మీరే కావచ్చు.

ముందు భాగం పైకి లేచినట్టు నిలబడింది. స్ప్రింగులు తప్పా?

ఒకసారి బండిని ముందుకూ వెనక్కూ పది అడుగులు తోయండి. జాకీ నుంచి దించినప్పుడు చక్రాలు లోపలికి ఒదిగి, టైరు నేలను పట్టుకుని బండిని పైనే ఆపేస్తాయి. కొన్ని కిలోమీటర్లు నడిపాక కొలవండి. కొత్త స్ప్రింగులైతే అవి సర్దుకోవడానికి ఇంకొంచెం సమయం పడుతుంది.

అప్పటికీ ఎత్తుగానే ఉంటే లోపలి బుష్‌లను, అంటే కింది ఆర్మ్‌ల లోపలి చివరల్లోని రబ్బరు బుష్‌లను, అనుమానించండి. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా నట్టు లాగేస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడుతుంది. బండి దించాక ఆర్మ్ పైకి వచ్చినా రబ్బరు దాన్ని మళ్లీ కిందికే లాగుతుంది. నాలుగు అదనపు స్ప్రింగులు పెట్టినట్టే. కొన్ని వారాల తర్వాత ఎత్తు తగ్గుతుంది, కానీ బాగుపడి కాదు, రబ్బరు చిరిగి. విప్పి చూస్తే బుష్ అంచున నల్లటి పొడి, లోపలి వైపు నెలవంక ఆకారంలో చీలిక కనిపిస్తాయి.

సరైన పద్ధతి: నట్లు వేళ్లతో వేసి, కొద్దిగా బిగించి వదలండి. బండి దించి, తోసి, ముందు బంపర్ దగ్గర నాలుగైదు సార్లు ఒత్తి వదిలి, తర్వాత బరువు చక్రాల మీదే ఉండగా పూర్తిగా బిగించండి. కిందకు దూరడానికి చోటు చాలకపోతే ముందు చక్రాలను ర్యాంపుల మీదకు ఎక్కించండి. స్టాండ్లు ఫ్రేము కింద పెట్టి కాదు, బరువు చక్రాల మీదే ఉండాలి. క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం) విప్పి బల్ల మీద పెట్టుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది: స్ప్రింగు వేయకముందే ఆర్మ్‌ను నేలకు సమాంతరంగా ఎత్తి, చెక్క దిమ్మె ఆనించి బిగించేయడం.

పై ట్రనియన్ (కింగ్‌పిన్ పై చివరను షాక్ అబ్జార్బర్ ఆర్మ్‌కు కలిపే ముక్క) రబ్బరు బుష్‌ల బోల్టుకూ ఇదే నియమం. దాన్ని చాలామంది మరిచిపోతారు.

లోపలి బుష్‌లలో ఏవి మంచివి?

మొదట వచ్చినవి రెండు సగాలుగా ఉండే రబ్బరు బుష్‌లు, బండికి మొత్తం 8. వాటి ఆయుష్షు తక్కువ. జీటీ వీ8 మోడల్‌కు వాడిన లోహపు గొట్టమున్న ఒకే ముక్క బుష్‌లు బండికి 4 చాలు, మామూలు ఎంజీబీకి కూడా సరిపోతాయి. రోజూ నడిపే బండికి మా ఓటు వీటికే. రోడ్డు కుదుపును రబ్బరులాగే మింగుతాయి, ఎక్కువ కాలం ఉంటాయి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు రాసి వైస్‌తో తిన్నగా నొక్కండి, రెండు వైపులా సమానంగా బయటికి రావాలి. నట్టు కింద పెద్ద వాషర్ వేయకపోతే బుష్ మెల్లగా పక్కకు జరిగి బయటికొస్తుంది.

పాలీయూరిథేన్ బుష్‌లు గట్టివి. అవి మెలిపడవు, షాఫ్ట్ మీద జారుతాయి కాబట్టి బిగించే స్థితి పట్టింపు లేదు. కిట్‌తో వచ్చే సిలికాన్ గ్రీజు మాత్రం పూర్తిగా పూయాలి, లేకపోతే కీచుమంటాయి. గుంతల రోడ్డు మీద స్టీరింగ్‌లో ప్రతి రాయీ తెలుస్తుంది.

రబ్బరు ఏదైనా మామూలు గ్రీజు తగలనీయకండి, ఉబ్బి మెత్తబడుతుంది.

స్ప్రింగు ఎక్కించడం ఎలా? భయంగా ఉంది.

భయం ఉండాలి. బిగించిన స్థితిలో ఆ స్ప్రింగు సుమారు 450 కిలోల బలంతో ఒత్తుతూ ఉంటుంది. జారితే ఎముక విరగడం ఖాయం.

ఇంజన్ బండిలో ఉంటే ట్రాలీ జాకీ దారి సులువు. స్టాండ్లు గట్టిగా పెట్టి, స్ప్రింగు ప్యాన్ (స్ప్రింగు కింది చివర ఆనే పళ్లెం) కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తుతూ పైన ట్రనియన్ బోల్టు పెట్టే స్థితికి తీసుకురావాలి. ఇంజన్ లేని బండిలో ఈ పద్ధతి పనికిరాదు, స్ప్రింగు ముడుచుకోకముందే బండే స్టాండ్ల మీద నుంచి లేస్తుంది.

అప్పుడు ప్యాన్‌ను చివరగా బిగించండి. ఆర్మ్‌లు, కింగ్‌పిన్, ట్రనియన్ అన్నీ కూర్చాక స్ప్రింగు పెట్టి, ప్యాన్ రంధ్రాల్లో ఎదురెదురు మూలలకు రెండు పొడవాటి హైటెన్సైల్ బోల్టులు వేయండి. ఆ రంధ్రాలకు సరిపోయే మందం, 125 నుంచి 150 మి.మీ. పొడవు, చివరి వరకు మర ఉన్నవి. మరకు నూనె రాసి ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున మార్చి మార్చి తిప్పాలి. ప్యాన్ ఆర్మ్‌కు ఆనాక మిగిలిన రంధ్రాల్లో అసలు బోల్టులు వేసి బిగించి, తర్వాత పొడవాటివి ఒక్కొక్కటీ తీసి మార్చండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి మర కడ్డీ వాడకండి, మర అరిగి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఏ పద్ధతిలోనైనా స్ప్రింగు చుట్టల మధ్య నుంచి గొలుసు దూర్చి క్రాస్‌మెంబర్‌కు కట్టండి. మీ ముఖం ఎప్పుడూ పక్కనే ఉండాలి, స్ప్రింగుకు ఎదురుగా కాదు.

పై ట్రనియన్ బోల్టు దూరడం లేదు.

రెండు చూడండి. షాక్ అబ్జార్బర్ ఆర్మ్ రెండు ముక్కల మధ్య ఒక బిగింపు బోల్టు ఉంటుంది. దాన్ని ముందు సడలిస్తే ఆర్మ్ చివరలు విడివడి ట్రనియన్, రబ్బరు బుష్‌లు మధ్యలోకి వస్తాయి. అన్నీ కూర్చాక ఆ బోల్టు మళ్లీ బిగించాలి. మరిచిపోతే రబ్బరు సరిగా నొక్కుకోక కొద్ది రోజులకే టకటక మొదలవుతుంది. రెండోది, బోల్టు మధ్యలో లోహానికి తగిలి ఆగితే సుత్తి తీయకండి. పిన్ పై నట్టు కాస్త సడలించి పిన్‌ను కొద్దిగా తిప్పి చూడండి, దారి తెరుచుకుంటుంది. బలవంతంగా కొడితే మర పాడవుతుంది.

షాక్ అబ్జార్బర్ కొంత దూరం ఖాళీగా కదిలి తర్వాత పట్టుకుంటోంది.

లోపల గాలి చేరింది లేదా నూనె తగ్గింది. లీవర్ రకం షాక్‌ను పక్కకు పడుకోబెడితే గాలి వాల్వుల్లోకి చేరుతుంది. నిలువుగా వైస్‌లో పట్టుకుని, మూత చుట్టూ దుమ్ము తుడిచి తీసి, 20 గ్రేడ్ ఫోర్క్ ఆయిల్ పోస్తూ ఆర్మ్‌ను పూర్తి దూరం నెమ్మదిగా పైకి కిందికి ఆడించండి. బుడగలు ఆగి, రెండు దిక్కులా ఒకే బిగువు వచ్చేదాకా. ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ వద్దు. షాఫ్ట్ దగ్గర నూనె కారుతుంటే పోసినా లాభం లేదు, బాగుచేసినది తెచ్చి మార్చాలి.

హబ్ బేరింగుల్లో స్పేసర్, షిమ్‌లు ఉన్నాయి. తీసేసి మామూలు టేపర్ బేరింగులా నట్టు సడలించి పెట్టవచ్చా?

వద్దు. స్పేసర్ రెండు బేరింగుల లోపలి రేసుల మధ్య నిలబడి, నట్టు గట్టిగా బిగించినప్పుడు స్టబ్ యాక్సిల్‌కు (హబ్ ఎక్కే పొట్టి ఇరుసుకు) బలం ఇస్తుంది. అది లేకుండా నట్టు సడలించి పెడితే మలుపుల్లో యాక్సిల్ ఎక్కువ వంగుతుంది, ఏళ్ల తరబడి వంగిన లోహం పగులుతుంది. చక్రంతో పాటు ఊడిపోయేది అదే.

కావాల్సిన ఎండ్ ప్లే 2 నుంచి 4 థౌలు. షిమ్‌లు, అంటే పలుచని రింగులు, 3, 5, 10 థౌల మందాల్లో వస్తాయి. షిమ్ పెంచితే ప్లే పెరుగుతుందని గుర్తుంచుకోండి. మొదట కావాలనే ఎక్కువ షిమ్‌లు వేసి, గ్రీజు, సీలు లేకుండా హబ్ ఎక్కించి, తిప్పుతూ నట్టు బిగించండి. డయల్ గేజ్ పెట్టి హబ్‌ను లోపలికి బయటికి లాగి కొలవండి. ఉదాహరణకు 21 థౌలు వచ్చిందనుకుందాం. 3 కావాలంటే 18 తీయాలి: ఒక 10, ఒక 5, ఒక 3. మళ్లీ బిగించి, మళ్లీ కొలిచి, అప్పుడు గ్రీజు నింపి సీలు వేయండి. సీలు పెదవి బేరింగు వైపు.

నట్టు టార్క్ 40 నుంచి 70 పౌండ్-అడుగులు. ఇంత విశాలమైన హద్దు స్ప్లిట్ పిన్ రంధ్రం కలపడానికే. 40 దగ్గర ఆగి, రంధ్రం కలిసేదాకా బిగించండి, వెనక్కి మాత్రం తిప్పకండి. బేరింగుల్లో గ్రీజు నిండుగా, మూతలో ఖాళీగా.

కొలిచేటప్పుడు బ్రేక్ ప్యాడ్లు డిస్కును తాకకుండా చూడండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

వైర్ వీల్స్ ఉన్న బండిలో హబ్‌లు ఏ వైపువి ఆ వైపే వేయాలా?

ప్రాణంతో పని కాబట్టి ఔను. డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు ఎడమ వైపు హబ్‌కు మామూలు కుడి మర, కుడి వైపు హబ్‌కు ఎడమ మర. సులువైన పరీక్ష: మధ్య నట్టు విప్పడానికి తిప్పే దిశ, బండి ముందుకు పోయేటప్పుడు చక్రం తిరిగే దిశ ఒకటే కావాలి. తారుమారు చేస్తే నడుస్తుండగా నట్టు దానంతటదే వదులై చక్రం ఊడుతుంది. మరలకు, కోన్‌కు పలుచగా గ్రీజు రాయండి.

బండి ఒక పక్కకు ఒరిగింది.

రెండు స్ప్రింగులూ ఒకే జత అవునో కాదో చూడండి. గట్టి పైకప్పున్న జీటీ స్ప్రింగులు టాపు తెరుచుకునే రోడ్‌స్టర్‌వాటి కంటే గట్టివి, కలిపితే ఇదే గతి. పక్కపక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. ముందు అన్నీ సరిగ్గా ఉంటే కారణం వెనక పట్టీ స్ప్రింగుల్లో ఉండొచ్చు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, డిఫరెన్షియల్ సరిగ్గా మధ్యలో జాకీతో వెనక చక్రాలు నేల వదిలేదాకా మాత్రమే ఎత్తండి. ఒరుగుదల పోతే తప్పు వెనకదే. అలా ఉండగా కిందికి దూరకండి.

గుంతలో పడ్డప్పుడల్లా టక్ మని చప్పుడు.

ఈ వరసలో చూడండి: షాక్ అబ్జార్బర్‌ను క్రాస్‌మెంబర్‌కు పట్టే 4 బోల్టులు, పై ట్రనియన్ బోల్టు, ఆర్మ్ మధ్య బిగింపు బోల్టు, యాంటీ రోల్ బార్ లింకులు, కింది లోపలి బుష్‌లు. ఒకరు బండిని ఊపుతుండగా ఇంకొకరు ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూస్తే చప్పుడు చేసేది వేలికి తెలుస్తుంది, చెవి మోసం చేస్తుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తుంటే కాలిపర్ బోల్టులు, క్రాస్‌మెంబర్‌ను బాడీకి పట్టే బోల్టులు చూడండి. క్రాస్‌మెంబర్ రబ్బరు ప్యాడ్లు నలిగిపోయి ఉండొచ్చు.

టార్క్ విలువలు?

పొడి మరకు, పౌండ్-అడుగుల్లో. పక్కన న్యూటన్ మీటర్లు.
షాక్ అబ్జార్బర్ బోల్టులు: 43–45, అంటే 58–61.
క్రాస్‌మెంబర్ నుంచి బాడీకి: 54–56, అంటే 73–76.
స్టీరింగ్ ఆర్మ్ బోల్టులు: 60–65, అంటే 81–88.
బ్రేక్ కాలిపర్, డిస్కు నుంచి హబ్‌కు: 40–45, అంటే 54–61.
ట్రాక్ రాడ్ బాల్ జాయింట్ నట్టు: 34–35, అంటే 46–47.

మెట్రిక్ స్పానర్లతో పని నడుస్తుందా?

నడిచినట్టే ఉండి నట్టు మూలలు తినేస్తుంది. అర అంగుళం అంటే 12.7 మి.మీ., 13 నంబరు స్పానర్ వదులు. 9/16 అంటే 14.29, దానికి 14 నంబరు ఎక్కదు, 15 తిరిగిపోతుంది. ఏఎఫ్ (నట్టు ఎదురెదురు ముఖాల మధ్య దూరాన్ని అంగుళాల్లో చెప్పే) స్పానర్ల సెట్ ఒకటి కొనుక్కోండి. బోల్టు మరలు ఎక్కువగా యూఎన్ఎఫ్ అనే అంగుళాల సన్న మర. పోయిన బోల్టు స్థానంలో మెట్రిక్‌ది బలవంతంగా ఎక్కిస్తే క్రాస్‌మెంబర్ మరే పోతుంది.

అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్ దీన్ని చేయగలడా?

ఇంజన్ వరకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఎంజీబీ 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ కుటుంబం. ముందు సస్పెన్షన్ అలా కాదు. అంబాసిడర్‌కు టార్షన్ బార్లు, దీనికి కాయిల్ స్ప్రింగులు. స్ప్రింగు విప్పే ముందు పైన చెప్పిన జాగ్రత్తలు ఆయనకు చూపించండి.

ట్రయంఫ్ ట్రనియన్లలో గేర్ ఆయిల్ పోయమంటారు. ఇందులో కూడానా?

లేదు. స్పిట్‌ఫైర్ లాంటి ట్రయంఫ్ బండ్ల కింది ట్రనియన్‌లో మర ఉంటుంది, దానికి గేర్ ఆయిల్ కావాలి. ఎంజీబీకి లిథియం గ్రీజు. ఒక్కో వైపు 3 నిపుల్స్, ప్రతి 3,000 మైళ్లకు, అంటే సుమారు 5,000 కి.మీ.కు ఒకసారి.

అలైన్‌మెంట్ ఎప్పుడు, ఎంత?

బుష్‌లన్నీ బరువు మీద బిగించాక, కొన్ని కిలోమీటర్లు నడిపాక. టో ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి ఒదిగే తేడా) 1/16 నుంచి 3/32 అంగుళం, అంటే 1.6 నుంచి 2.4 మి.మీ. సర్దుబాటు చేయగలిగేది ఇదొక్కటే. క్యాంబర్ (చక్రం పై అంచు పక్కకు వాలే కోణం) సుమారు 1 డిగ్రీ పాజిటివ్, అంటే బయటికి, కింగ్‌పిన్ వాలు 8 డిగ్రీలు. రెండూ తయారీలోనే నిర్ణయమై ఉంటాయి. ఒక వైపు క్యాంబర్ తేడాగా వస్తే ఆర్మ్ వంగిందేమో, పై బుష్‌లు అరిగాయేమో చూడండి.

ఇంట్లో కొలవాలంటే: బండిని ముందుకు తోసి ఆపి, టైర్ల వెనక వైపు హబ్ ఎత్తులో సుద్దతో గీత పెట్టి రెండు గీతల మధ్య దూరం కొలవండి. అర చుట్టు ముందుకు తోసి అవే గీతలు ముందుకు వచ్చాక మళ్లీ కొలవండి. ముందు దూరం తక్కువ ఉండాలి. రెండు ట్రాక్ రాడ్‌లనూ సమానంగా తిప్పండి, లేకపోతే స్టీరింగ్ వీల్ వంకరగా నిలుస్తుంది. లాక్ నట్లు బిగించేటప్పుడు రబ్బరు బూటు మెలితిరగకుండా పట్టుకోండి.

మొదటి పరుగు తర్వాత ఏవి మళ్లీ చూడాలి?

150 కిలోమీటర్లకు షాక్ అబ్జార్బర్ బోల్టులు, క్రాస్‌మెంబర్ బోల్టులు, స్ప్రింగు ప్యాన్ నట్లు, వైర్ వీల్ మధ్య నట్లు. హబ్‌ను చేత్తో ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, ఒక వైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బ్రేకు పట్టుకుందా, బేరింగు ప్లే తగ్గిందా తేల్చండి. బ్రేకు హోస్ మెలిపడలేదని, స్టీరింగ్ రెండు చివరలకు తిప్పినప్పుడు టైరుకూ ఆర్మ్‌కూ తగలడం లేదని చూడండి. 800 కిలోమీటర్లకు కింది ఫల్‌క్రమ్ నట్టు, స్ప్లిట్ పిన్లు మరోసారి.